‘డోనా డోనా’ జానపద గీతమా? 30 డాలర్లకి పాట అమ్ముకున్న షోలెం సెకుండా ఎవరు?

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇలా. మీ అమ్మాయి స్కూల్ కోరస్‌లో ‘డోనా డోనా’ పాడబోతోంది. ప్రోగ్రాం కాగితం నమూనాలో పాట పేరు కింద “సాంప్రదాయ యిడ్డిష్ జానపద గీతం” అని వేశారు. మీకు తెలిసినాయన ఒకరు “జానపదమేంటండీ, దానికి స్వరకర్త ఉన్నాడు, తన ఇంకో పాటని 30 డాలర్లకి అమ్ముకుని లక్షలు పోగొట్టుకున్న అమాయకుడు అతనే” అన్నారట. ఇందులో ఏది నిజం, ఈ పాటలు మన రాగాల లెక్కలో ఎక్కడికొస్తాయి, ఇంకా వినాలంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. అది జానపదం కాదు. బాణీ షోలెం సెకుండాది, మాటలు ఆరన్ జైట్లిన్‌వి. 1940–41లో న్యూయార్క్‌లో ‘ఎస్తెర్కె’ అనే యిడ్డిష్ నాటకం కోసం కట్టిన పాట. 30 డాలర్ల సంగతీ నిజమే, ఆ మనిషీ ఈయనే. ‘అమాయకుడు’ అన్నమాట మాత్రం నేను ఒప్పుకోను. ఆయన బతికిన నాటకరంగం ఎలా నడిచేదో తెలిస్తే మీరూ ఆ మాట అనరు.

నేను న్యూజెర్సీలో పిల్లలకి కర్ణాటక సంగీతం చెబుతాను. దాంతోపాటు చాలా ఏళ్లుగా ఇక్కడి కోరస్‌లకీ, వృద్ధాశ్రమాల్లో జరిగే పాటల సాయంత్రాలకీ కీబోర్డు వాయిస్తున్నాను. యిడ్డిష్ నాటక పాటలు నాకు పరిచయమైంది ఆ వృద్ధాశ్రమాల్లోనే. మధ్యాహ్నం ఏం తిన్నామో గుర్తులేని పెద్దవాళ్లు కూడా రెండో వరస ఎత్తుకోగానే మొత్తం పాట మాట తప్పకుండా పాడేస్తారు. వాళ్లకి వాయించాలంటే శ్రుతి, లయ, కథ అన్నీ తెలిసుండాలి కాబట్టి ఈ సంగీతాన్ని పట్టుదలగా నేర్చుకున్నాను. ఇక్కడ చెప్పేది ఆ అనుభవంతోనే.

యిడ్డిష్ గురించి రెండు ముక్కలు. తూర్పు ఐరోపా యూదుల ఇంటిభాష అది. మూలం జర్మన్ కుటుంబానిది. అందులో హీబ్రూ, స్లావిక్ మాటలు బాగా కలిసి ఉంటాయి, రాసేది హీబ్రూ లిపిలో. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కోటిమందికి పైగా మాట్లాడేవాళ్లు. 1880ల నుంచి అమెరికా 1924లో వలసల మీద గట్టి ఆంక్షలు పెట్టేదాకా, ఇరవై లక్షలకి పైగా తూర్పు ఐరోపా యూదులు ఇక్కడికి వచ్చారు. అందులో చాలామంది ముందు దిగింది న్యూయార్క్‌లోనే. పగలంతా కుట్టుమిషన్ల మీద పనిచేసి, వారాంతంలో నాటకానికి పోయేవాళ్లు. మన్‌హాటన్‌లో సెకండ్ అవెన్యూ పొడవునా యిడ్డిష్ నాటకశాలలు ఉండేవి. బ్రూక్లిన్, బ్రాంక్స్‌లలో మరికొన్ని ఉండేవి. వృత్తి నాటకంగా దీనికి మొదలు 1876లో, రుమేనియాలోని యాషీ పట్టణంలో అబ్రహాం గోల్డ్‌ఫాడెన్ పెట్టిన బృందంతో. అంటే మన సురభి నాటకాలకన్నా తొమ్మిదేళ్లు ముందన్నమాట.

సెకుండా 1894లో అప్పటి రష్యా సామ్రాజ్యంలో, ఇప్పటి ఉక్రెయిన్‌లో ఉన్న అలెక్సాండ్రియా అనే ఊళ్లో పుట్టాడు. నికొలాయెవ్‌లో పెరిగాడు. చిన్నప్పుడే గొంతుకి పేరొచ్చింది. సినగాగ్‌లో, అంటే యూదుల ప్రార్థనా మందిరంలో, ప్రార్థన పాడి నడిపించే గాయకుణ్ణి హజాన్ అంటారు. ఈయన ‘బాల హజాన్’. 1907 ప్రాంతంలో కుటుంబం అమెరికా వచ్చింది. ఇక్కడా పిల్లవాడి గాత్రం వినడానికి జనం వచ్చేవాళ్లు. తరవాత అందరు మగపిల్లలకీ జరిగేదే జరిగింది, గొంతు మారింది. అప్పుడాయన నాటకాల కోరస్‌లో చేరాడు. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యూజికల్ ఆర్ట్‌లో చదివాడు (అదే తరవాత జూలియార్డ్ అయింది). ఎర్నెస్ట్ బ్లాక్ అనే పెద్ద స్వరకర్త దగ్గరా కొంతకాలం నేర్చుకున్నాడు.

ఈ రెండు శిక్షణలూ కలిసిన చోటే సెకుండా పాట పుడుతుంది. ఒకవైపు హజాన్ పద్ధతి. అందులో తాళం కట్టు లేకుండా, మాటని బట్టి సాగే ఆలాపన, గొంతు మధ్యలో చిన్న ఏడుపులా విరిగే గమకం ఉంటాయి. రెండోవైపు కన్సర్వేటరీ, అంటే పాశ్చాత్య సంగీత కళాశాల, నేర్పిన హార్మనీ, ఆర్కెస్ట్రా రచన. సెకండ్ అవెన్యూ పెద్ద స్వరకర్తలుగా చెప్పుకునే నలుగురు జోసెఫ్ రుమ్షిన్‌స్కీ, అలెక్సాండర్ ఒల్షానెట్‌స్కీ, అబ్రహాం ఎల్‌స్టైన్, సెకుండా. నలుగురూ గొప్పవాళ్లే. కానీ ప్రార్థన గొంతు పాటలో ఎక్కువగా వినిపించేది సెకుండాలోనే అని నా నమ్మకం. పిల్లలకి ‘డోనా డోనా’ నేర్పేటప్పుడు చరణంలో ఊపిరి తీసే చోట్లు చూడండి, పాడేవాడు కట్టిన పాట అని అక్కడే తెలిసిపోతుంది.

ఇక 30 డాలర్ల సంగతి.

పాట పేరు ‘బై మిర్ బిస్తు షేన్’. “నా కంటికి నువ్వే అందం” అని అర్థం. 1932లో బ్రూక్లిన్‌లోని పార్క్‌వే థియేటర్‌లో ఆడిన ఒక సంగీత నాటకంలోది. నాటకం పేరుని తెలుగులో చెప్తే “బతకొచ్చు, కానీ బతకనివ్వరు”. మహా మాంద్యం రోజుల్లో ఆ పేరుకి వేరే వివరణ అక్కర్లేదు. మాటలు జేకబ్ జేకబ్స్ రాశాడు. పాడింది ఆరన్ లెబెదెఫ్, అప్పటి యిడ్డిష్ స్టేజీ మీద జనాన్ని కుర్చీల్లోంచి లేపేసే హాస్య నటుడు. నాటకం ఆడినన్నాళ్లు ఆడింది, దిగిపోయింది. పాట మాత్రం పెళ్లిళ్లలో, కాట్‌స్కిల్ కొండల్లోని విడిది హోటళ్లలో నిలబడింది.

1937లో సెకుండా, జేకబ్స్ ఆ పాట హక్కుల్ని జె అండ్ జె కామెన్ అనే ప్రచురణ సంస్థకి 30 డాలర్లకి అమ్మేశారు. చెరో 15 డాలర్లు. అదే ఏడు కథ మలుపు తిరిగింది. జానీ, జార్జ్ అనే ఇద్దరు నల్లజాతి గాయకులు హార్లెంలోని అపోలో థియేటర్‌లో ఆ పాటని యిడ్డిష్‌లోనే పాడుతుంటే జనం ఊగిపోయారని, అది విని తనకి ఆలోచన వచ్చిందని గేయరచయిత శామీ కాన్ తరవాత చెప్పాడు. కాన్, సాల్ చాప్లిన్ కలిసి ఇంగ్లీషు మాటలు రాశారు. అప్పటికి ఎవరికీ పెద్దగా తెలియని ముగ్గురు అక్కచెల్లెళ్లు, ఆండ్రూస్ సిస్టర్స్, 1937 నవంబరులో డెక్కా కంపెనీకి పాడారు. 1938 మొదలయ్యేసరికి దేశమంతా అదే పాట. ఆ జనవరిలో కార్నెగీ హాల్లో బెన్నీ గుడ్‌మన్ చేసిన ప్రసిద్ధ జాజ్ కచేరీలోనూ అది ఉంది. పాట దాదాపు 30 లక్షల డాలర్లు సంపాదించిందని, సెకుండాకి రావలసిన వాటా దాదాపు మూడున్నర లక్షల డాలర్లు పోయిందని సాధారణంగా చెప్పే లెక్క. కొడుక్కి ఇలా జరగడానికి తన పాపమే కారణమనుకుని ఆయన తల్లి ఏళ్ల తరబడి సినగాగ్‌కి వెళ్లి క్షమాపణ వేడుకుందని కూడా చెబుతారు.

ఇంతవరకూ ఇంటర్నెట్‌లో ఎక్కడైనా దొరుకుతుంది. అమ్మడం ఎందుకు మామూలు పనో చెప్పేవాళ్లే తక్కువ.

యిడ్డిష్ నాటకశాలలో స్వరకర్తది దాదాపు సీజన్ ఉద్యోగం. ఆ సీజన్‌కి ఒక థియేటర్‌తో ఒప్పందం ఉంటుంది. కొత్త నాటకం ఎక్కితే పాటలన్నీ ఆయనే కట్టాలి, ఆర్కెస్ట్రాకి భాగాలు రాయాలి, కోరస్‌కి నేర్పాలి, రాత్రి స్టేజీ ముందు నిలబడి వాద్యబృందాన్ని నడపాలి. హీరో గొంతుకి ఏ శ్రుతి సరిపోతుందో, హీరోయిన్ ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో చూసి రాయాలి. నాటకం నడవకపోతే నెల తిరక్కుండా ఇంకోటి సిద్ధం చేయాలి. ఆయనకి జీతం వచ్చేది ఈ మొత్తం పనికి. పాట హక్కు అన్నది చివర్లో మిగిలే చిల్లర. స్వరాలు అచ్చువేసి అమ్మితే కొనేది యిడ్డిష్ చదివే ఇళ్లు మాత్రమే. అయిదేళ్లు పాతబడిన, దిగిపోయిన నాటకంలోని పాటకి ఆ బజారులో 30 డాలర్లు తక్కువ ధరేం కాదు. అప్పటిదాకా ఏ యిడ్డిష్ నాటక పాటా ఇంగ్లీషు అమెరికాని ఇలా ఊపలేదు. జరగని దాన్ని ముందే ఊహించి బేరమాడలేదని ఒక మనిషిని అమాయకుడు అంటారా? మన దగ్గరా నాటకాలకి బాణీలు కట్టిన హార్మోనిస్టులెందరికో హక్కు మాట అటుంచి కాగితం మీద పేరు కూడా దక్కలేదు.

ఇంకో ముఖ్యమైన విషయం ఉంది, కథలు చెప్పేవాళ్లు దీన్ని తరచూ వదిలేస్తారు. ఆ హక్కు ఆయనకి తిరిగొచ్చింది. అప్పటి అమెరికా చట్టం, అంటే 1909 నాటిది, ప్రకారం కాపీరైట్ మొదటి గడువు 28 ఏళ్లు. గడువు తీరాక నవీకరించుకునే హక్కు రచయితలది. 1961లో హక్కులు సెకుండా, జేకబ్స్ చేతికి తిరిగొచ్చాయి. ఈసారి హార్మ్స్ అనే పెద్ద సంస్థతో సరైన రాయల్టీ ఒప్పందం రాసుకున్నారు. అంటే జీవితంలో చివరి పదమూడేళ్లు ఆయన ఆ పాట మీద న్యాయంగా సంపాదించుకున్నాడు. 1974లో న్యూయార్క్‌లో పోయాడు. కాబట్టి “చిల్లిగవ్వ దక్కలేదు” అన్నది తప్పు.

ఆ హిట్ వల్ల ఇంకో మంచీ జరిగింది. యిడ్డిష్ పాటని జాజ్ ఊపులో పాడొచ్చని తెలిసి, 1938 నుంచి రేడియోలో ‘యిడ్డిష్ మెలడీస్ ఇన్ స్వింగ్’ అనే కార్యక్రమం మొదలైంది. బ్యారీ సిస్టర్స్ పేరు తెచ్చుకున్నది అందులోనే. రష్యాలో అదే బాణీకి పూర్తిగా వేరే మాటలు పడ్డాయి. 1940లో లెనిన్‌గ్రాడ్‌లో ఒక స్కూలు కుర్రాడు కేప్‌టౌన్ ఓడరేవు మీద రాసిన పాట అది. అక్కడ ఇప్పటికీ చాలామందికి ఈ బాణీ అంటే ఆ పాటే.

ఇప్పుడు మీ అమ్మాయి పాట.

ఆరన్ జైట్లిన్ వార్సాలో పేరున్న కవి. సెకండ్ అవెన్యూలోని యిడ్డిష్ ఆర్ట్ థియేటర్ నడిపిన మోరిస్ ష్వార్ట్స్ తన నాటకం ఆడించడానికి పిలిస్తే 1939లో న్యూయార్క్ వచ్చాడు. ఆ నాటకమే ‘ఎస్తెర్కె’. పోలండ్ రాజు కాజిమీర్, ఆయన ప్రేమించిన యూదు స్త్రీ గురించి ప్రచారంలో ఉన్న పాత గాథ. జైట్లిన్ ఇక్కడ ఉండగానే యుద్ధం మొదలైంది, తిరిగి వెళ్లే దారి మూసుకుపోయింది. వార్సాలో ఉండిపోయిన ఆయన భార్య, బిడ్డ, తండ్రి అందరూ తరవాత నాజీల చేతిలో హత్యకు గురయ్యారు. తండ్రి హిల్లెల్ జైట్లిన్ కూడా పెద్ద రచయిత, తాత్వికుడు. 1942 సెప్టెంబరులో ట్రెబ్లింకా అనే మరణ శిబిరానికి తీసుకెళ్లే దారిలో చంపేశారు. నాటకం కోసం ఓడ ఎక్కినందువల్ల ఒక్కడు బతికాడు.

పాటలో కథ చిన్నది. బండిలో కట్టేసిన దూడ ఉంది, పైన చిన్న పిట్ట ఎగురుతోంది. గాలి నవ్వుతోంది, పగలంతా, సగం రాత్రిదాకా. దూడ ఏడిస్తే రైతు అంటాడు, నిన్నెవడు దూడగా పుట్టమన్నాడు, పిట్టవై ఉండొచ్చుగా అని.

ఇప్పుడు బాణీ దగ్గరికి రండి, నేను పిల్లలకి తప్పకుండా చూపించే చోటు ఇది. చరణం మైనర్‌లో నడుస్తుంది. బండి చక్రం తిరిగినట్టు ఎక్కువగా రెండు కార్డుల (కలిపి వాయించే స్వరాల గుంపుల) మధ్య ఊగుతూ ఉంటుంది. సరిగ్గా గాలి నవ్వుతోందన్న మాట దగ్గర బాణీ మేజర్‌లోకి జారుతుంది. మన పద్ధతిలో చెప్తే నఠభైరవిలో పాడుతూ గాంధారాన్ని షడ్జం చేసుకున్నట్టు, గ్రహభేదంతో శంకరాభరణం వెలుగు పడుతుంది. దూడ మీద జాలి పడాల్సిన చోట సంగీతం వెలిగిపోతుంది, ఎందుకంటే ఆ నవ్వు దూడది కాదు, గాలిది. ఆ పాదం చివర మళ్లీ మైనర్‌లోకి దిగుతుంది. అక్కడ కాకలి నిషాదం తగులుతుంది, కీరవాణి ఛాయ వస్తుంది. ఇంత కొద్ది స్వరాలతో ఇంత క్రూరత్వం చూపించడం మామూలు పనికాదు. కన్సర్వేటరీ చదువు ఎక్కడ పనికొచ్చిందంటే నేను ఆ చోటే చూపిస్తాను. ‘జానపదం’ అని వేసి దాటేస్తే ఈ పని చేసిన మనిషి కనబడకుండా పోతాడు. నా బాధంతా అదే.

చాలా కోరస్‌లు ఆ నవ్వే చోట వేగం పెంచి చప్పట్లు పెడతాయి. వద్దని నా మనవి. ఏడుపు గొట్టుగా సాగదీయడమూ వద్దు. బండి నడక ఒకే వేగంతో పోవాలి. మేజర్ వచ్చినప్పుడు గొంతు తేలిక చేస్తే చాలు, మిగతాది బాణీ చూసుకుంటుంది.

ఈ పాట మీద రెండు అపోహలు బాగా తిరుగుతున్నాయి. ఒకటి, దీన్ని ఘెట్టోలో (నాజీలు యూదుల్ని నిర్బంధించిన వాడలో) ఉన్న వేరే కవి రాశాడని. కాదు, జైట్లిన్ రాశాడు, న్యూయార్క్ నాటకం కోసం. రెండు, ఆ బండి అంటే మరణ శిబిరాలకి పోయే రైళ్లని. తారీఖులు చూస్తే ఇది కుదరదు. పాట 1940–41 నాటిది, సామూహిక హత్యల కోసం కట్టిన తొలి శిబిరం ఖెల్మ్‌నో పనిలోకి దిగింది 1941 డిసెంబరులో. అయితే పోలండ్ ఆక్రమణ, ఘెట్టోలు అప్పటికే నడుస్తున్నాయి. కవికి తన ఇంటివాళ్లు అక్కడ ఉన్నారన్న బెంగ ఉండే ఉంటుంది. కాబట్టి ఆ నీడ పాట మీద పడలేదని నేను అనను. మీ అమ్మాయి అడిగితే “రైళ్ల మీద రాసింది కాదు, కానీ రాసినాయన తరవాత తనవాళ్లని పోగొట్టుకున్నాడు” అని చెప్పండి. పిల్లలకి ఆ తేడా అర్థమవుతుంది.

ఇంగ్లీషులో దీన్ని ముందు సెకుండాయే అనువదించాడు, అది అంతగా జనంలోకి పోలేదు. 1950ల మధ్యలో ఆర్థర్ కెవెస్, టెడీ ష్వార్ట్స్ చేసిన అనువాదం నిలబడింది. 1960లో అమెరికన్ జానపద గాయని జోన్ బేజ్ తన మొదటి ఆల్బంలో దాన్ని పాడింది. అక్కణ్ణుంచి గిటారు పట్టుకున్న ప్రతి కుర్రాడి చేతికీ చేరింది, జానపద గాయకులు పాడారు కాబట్టి జానపదమైపోయింది. ప్రోగ్రాం కాగితంలో ఆ మాట రావడానికి కారణం అదే. ఎవరిదీ దురుద్దేశం కాదు.

రాగాల ప్రశ్న. ఇది మీరు అడిగినందుకు చాలా సంతోషం, ఎందుకంటే మన పిల్లలకి ఇక్కడ నిజంగా ఒక సౌలభ్యం ఉంది. సినగాగ్ ప్రార్థనల్లో ‘అహవా రబా’ అనే స్వర పద్ధతి ఉంది, వాద్యకారులు దాన్నే ‘ఫ్రైగిష్’ అంటారు. దాని స్వరాలు సరిగ్గా మన వకుళాభరణానివి. సరళీ స్వరాలు నేర్చుకునే మాయామాళవగౌళలో కాకలి నిషాదం బదులు కైశికి నిషాదం పెట్టండి, వచ్చేస్తుంది. ‘హవా నగీలా’ బాణీ ఆ స్వరాల్లోదే. ఇంకొకటి ‘మి షెబేరఖ్’ అంటారు, స్వరాలు హేమవతివి. ఇక్కడి పిల్లలు శుద్ధ రిషభం నుంచి అంతర గాంధారానికి ఎక్కడానికి తడబడతారు, ఆ ఎడం వాళ్ల చెవికి కొత్త. మన దగ్గర నేర్చుకునే పిల్లలకి అది మొదటి పాఠం.

కానీ జాగ్రత్తలు రెండు. స్వరాలు కలిశాయి కదా అని రాగం కలిసినట్టు కాదు. వాళ్ల గమకం వేరు, నడక వేరు, ఏ స్వరం మీద నిలవాలన్న లెక్క వేరు. పైగా కింద హార్మనీ ఉంటుంది. వకుళాభరణంలో మనం ఊపే రిషభాన్ని అక్కడ ఊపితే ప్రార్థనలా ఉండదు, వేరే ఊరి పాటలా ఉంటుంది. రెండోది, యిడ్డిష్ పాటంటే ఎప్పుడూ ఫ్రైగిష్ అనుకోవద్దు. సెకుండా రెండు పెద్ద పాటలూ మామూలు మైనర్‌లోనే ఉన్నాయి. ‘బై మిర్’ కీరవాణి స్వరాల్లో హాయిగా వాయించొచ్చు. మన వయొలిన్ నేర్చుకునే పిల్లలకి నేను అలాగే ఇస్తాను. ఆండ్రూస్ సిస్టర్స్ రికార్డు విన్నాక లెబెదెఫ్ తరహా పాట విన్నారంటే, ఒకే బాణీ ఒకచోట డాన్సు హాల్లో, ఒకచోట నాటకశాలలో ఎలా ఉంటుందో చెవికే తెలుస్తుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి అన్నారు. ముందు నేను లెబెదెఫ్ పాడిన ‘రుమేనియా రుమేనియా’ వినమంటాను. భాష రాకపోయినా పర్వాలేదు, ఆ మనిషి తిండి గురించి పాడుతూ మాటలు వదిలేసి స్వర విన్యాసంలోకి ఎలా పోతాడో చూడండి. తరవాత ఒల్షానెట్‌స్కీ ‘మైన్ శ్తెటెలె బెల్జ్’, ఎల్‌స్టైన్ బాణీలు కట్టగా మోలీ పికన్ నటించిన 1936 సినిమా ‘యిడ్ల్ మిట్న్ ఫిడ్ల్’. సెకుండా నేపథ్య సంగీతం కోసమైతే మోరిస్ ష్వార్ట్స్ తీసి నటించిన ‘టెవ్యా’, 1939 నాటిది. చాలామంది దీన్ని ‘ఫిడ్లర్ ఆన్ ద రూఫ్’తో కలిపేస్తారు. మూల కథ యిడ్డిష్ రచయిత షోలెం అలైకెంది, అది రెంటికీ ఒకటే. కానీ ‘ఫిడ్లర్’ 1964లో ఇంగ్లీషులో వచ్చిన బ్రాడ్‌వే నాటకం, సెకుండాకి దాంతో సంబంధం లేదు. దాన్ని యిడ్డిష్‌లో న్యూయార్క్‌లో ఆడించింది 2018లో, 1915 నుంచి నడుస్తున్న ఫోక్స్‌బీనె నాటక సంస్థ.

ఆయన్ని నాటకాల మనిషిగానే చూడకండి. మెట్రోపాలిటన్ ఒపెరా టెనర్ (పై స్థాయిలో పాడే మగ గాయకుడు) రిచర్డ్ టక్కర్‌తో కలిసి చేసిన ప్రార్థనా సంగీతం తప్పక వినండి. కాట్‌స్కిల్స్‌లోని కాంకర్డ్ హోటల్లో సంగీత దర్శకుడిగా పాస్ఓవర్ అనే యూదుల పండక్కి టక్కర్ పాటా, కోరస్సూ ఈయనే సిద్ధం చేసేవాడు. ‘ఫార్వర్డ్’ అనే యిడ్డిష్ దినపత్రికలో సంగీత విమర్శలూ రాసేవాడు. బాల హజాన్‌గా మొదలైనవాడు పెద్దయ్యాక మళ్లీ ప్రార్థన పాట దగ్గరికే వచ్చాడు. నా చెవికి ఆయన అత్యుత్తమ పని అక్కడే ఉంది, ఆండ్రూస్ సిస్టర్స్ రికార్డులో కాదు. దీంతో ఒప్పుకోనివాళ్లు చాలామంది ఉంటారు, ఉండనివ్వండి. యూదు సంగీతాన్ని భద్రపరిచే మిల్కెన్ ఆర్కైవ్ వెబ్‌సైటులో ఈ నలుగురు స్వరకర్తల పాటలూ, వివరమైన వ్యాసాలూ దొరుకుతాయి. పాత స్వరపత్రాలు కావాలంటే న్యూయార్క్‌లో యీవో అనే యూదు చరిత్ర, సంస్కృతుల పరిశోధన సంస్థ ఉంది.

చివరిగా ప్రోగ్రాం కాగితం సంగతి. టీచరుతో గొడవ అక్కర్లేదు, మర్యాదగా ఒక మెయిల్ చాలు. పాట పేరు కింద “మాటలు: ఆరన్ జైట్లిన్, సంగీతం: షోలెం సెకుండా, ఇంగ్లీషు అనువాదం: ఆర్థర్ కెవెస్, టెడీ ష్వార్ట్స్” అని వేయమనండి. ఇది మర్యాద కోసం మాత్రమే కాదు. ఆ కాలపు పాటలకి కాపీరైట్ నవీకరించి ఉంటే అమెరికాలో ప్రచురణ నుంచి 95 ఏళ్లు రక్షణ ఉంటుంది, అంటే ఈ పాట ఇంకా హక్కుల్లోనే ఉంది. జానపదం అనుకుని ఫొటోకాపీలు తీసి పంచుతుంటే స్కూలుకే ఇబ్బంది. పిల్లలందరికీ సరిపడా కోరస్ కాపీలు కొన్నారో లేదో అదే మెయిల్‌లో అడగండి. కొని ఉంటే ఈ పేర్లు మొదటి పేజీలో పాట పేరు పక్కనే అచ్చయి ఉంటాయి, టీచరుకి వెతికే పని కూడా ఉండదు. నమూనా మీ చేతికి వచ్చిందంటే అచ్చుకి ఇంకా టైముంది, ఈ వారమే రాయండి.